గోడ అవతలి మగ్గం

పదమూడో ఎక్కం నాకు ఇప్పటికీ నోటికి రాదు, చెవికి వస్తుంది. ఎక్కడైనా మగ్గం ఆడుతున్న చప్పుడు వినబడితే చాలు, పిలవకుండానే లోపల పదమూడొకట్ల పదమూడు అని మొదలవుతుంది. చప్పుడు లేని గదిలో ఎవరైనా ఉన్నట్టుండి అడిగితే మాత్రం కాస్త తడబడతాను. జీవితమంతా పిల్లలకు లెక్కలు చెప్పి బతికినదాన్ని, ఈ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడాలి. నేను పడను. మా వీధిలో అందరం అట్లాగే నేర్చుకున్నాం.

మా ఊరు కోడుమూరుకు దగ్గర. పొద్దున్నే బండి కడితే ఎండ ముదరకముందే చేరుకునేవాళ్లం. వాన పడితే జొన్నచేలు, పడకపోతే ఆకాశం, ఇంతే మిగతా ఊరి కథ. మా వీధిది వేరు. మాకు పొలాల్లేవు, ఇంటికొక గుంత మగ్గం ఉండేది. నేసే మనిషి గుంతలోకి కాళ్లు దించి కూర్చుని, పోగును అటూ ఇటూ మోసే నాడె విసిరేవాడు. నాడె అటు పోయిన చప్పుడు, వెంటనే పోగును సర్దే దెబ్బ, మళ్లీ నాడె. పొద్దు పొడవకముందు మొదలైతే దీపాలు పెట్టేదాకా అదే. దాన్ని మేం చప్పుడు అనుకోలేదు. అది ఆగినప్పుడే మాకు చెవులున్నాయని తెలిసేది. అమావాస్యకు ఆగేది, వీధిలో ఎవరైనా పోతే ఆగేది. మరెప్పుడూ ఆగేది కాదు.

మా పక్కింటాయన ఒక కరువు ఏడు షోలాపూరు మిల్లుల్లో పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. ఆయన మగ్గాల సాలలోనే మా బడి. మగ్గాలు తీసేశారు గాని వాటి గుంతలు అట్లాగే ఉన్నాయి. ఒకటో తరగతి పిల్లలు గుంతల్లో కూర్చునేవాళ్లు, మిగిలినవాళ్లం గట్టు మీద. గోడకు అవతల మా ఇల్లు, ఆ గోడకు ఆనుకునే మా నాయన మగ్గం. మా అక్కా నేనూ ఒక్క గెంతు వేస్తే బడిలో ఉండేవాళ్లం. అయినా రోజూ ఆలస్యంగానే పోయేవాళ్లం, దగ్గర ఇళ్ల పిల్లల రివాజు అది.

మాకు చదువు చెప్పిన టీచరమ్మ గండికోట పక్కనున్న ఒక పల్లె నుంచి వచ్చింది. వాళ్లు క్రైస్తవులు. తల్లీతండ్రీ కూలిపనికి పోతూ ఆమెను చర్చి బడిలో చదివించారు. ట్రైనింగు పాసైంది. మా వీధి పెద్దలు ఎట్లాగో కబురంపి పిలిపించుకున్నారు. సర్కారు జీతం లేదు, వీధి అంతా కలిసి జొన్నలు, గుడ్డ, చేతనైంది ఇచ్చేవాళ్లు. ఊరి చివర చర్చి పక్కన ముసలి తల్లితో ఒక గదిలో ఉండేది. మొదట్లో మావాళ్లు ఆమెకు నీళ్ల చెంబు వేరుగా పెట్టారు. ఒకరోజు అక్క ఆ చెంబుతోనే గటగటా తాగి అందరి ముందూ మూతి తుడుచుకుంది. అమ్మ ఇంట్లో నాలుగు తిట్టింది. ఆ తర్వాత చెంబు సంగతి ఎవరూ ఎత్తలేదు.

వచ్చిన కొత్తలో టీచరమ్మకు మగ్గాల చప్పుడుతో తలనొప్పి పట్టుకుంది. కాసేపు ఆపమని అడిగింది. ఎవరాపుతారు? అది ఆగితే పొయ్యి ఆగుతుంది. కొన్నాళ్లు గొంతు చించుకుంది. తర్వాత ఒకరోజు పాఠం ఆపి, గోడ వైపు చెవి పెట్టి, వేలితో తొడ మీద తాళం వేసుకుంటూ కూర్చుంది. మర్నాటి నుంచి మా ఎక్కాలన్నీ మగ్గం మీద నడిచాయి. నాడె పోయినప్పుడు ప్రశ్న, దెబ్బ పడినప్పుడు జవాబు. పదమూడు రెండ్ల, టక్, ఇరవై ఆరు. నెల తిరక్కుండా గుంతల్లోని పిల్లకాయలు కూడా పదో ఎక్కం దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్లు.

అక్క నాకన్నా కొంచెం పెద్దది. చదువంటే పిచ్చి. శనగలు కట్టిన కాగితం కూడా విప్పి చదివేది. ఐదో తరగతి అయిపోయింది, మా బడిలో అంతకుమించి లేదు. తను కూడా టీచరమ్మ కావాలి, అదొక్కటే దాని కోరిక. కర్నూల్లో ఆడపిల్లల బడి ఉంది, హాస్టలు ఉంది, ఆ పైన ట్రైనింగు ఉంది. నాయనకు అక్క మాటంటే మాటే. బండి కట్టించుకుని కర్నూలు తీసుకుపోయాడు. అక్కడి పెద్ద టీచరు అక్క చేత పాఠం చదివించింది, లెక్క చేయించింది, వీపు తట్టింది. తర్వాత మా టీచరమ్మ రాసిచ్చిన కాగితం చూసి, ఈ బడికి గుర్తింపు లేదు, ఇది ఇక్కడ చెల్లదు అని తిరిగి ఇచ్చేసింది. అక్క ఇంటికొచ్చి పలక తీసుకుని గుంతల దగ్గరకు పోయి ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించింది.

ఇప్పటివాళ్లు గుర్తింపు అంటే బడి గోడ మీద రాసుకునే ఒక అంకె అనుకుంటారు. వాళ్లకు ఊరికే వచ్చింది కాబట్టి. ఆ రోజుల్లో ఎవరైనా చెట్టు కిందో సాలలోనో పిల్లల్ని కూర్చోబెట్టి చదువు చెప్పుకోవచ్చు, ఎవరూ కాదనరు. కానీ ఆ చదువు ఊరి పొలిమేర దాటాలంటే సర్కారు దాన్ని ఒప్పుకోవాలి. అందుకు ట్రైనింగు అయిన టీచరు ఉండాలి, పిల్లలకు తగినంత చోటు, గాలీ వెలుతురూ ఉండాలి, హాజరు రోజూ వేయాలి, గోడకు దేశపటం, నల్లబల్ల ఉండాలి. ఇవన్నీ ఉన్నాయని మనం చెబితే చాలదు. స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చి కళ్లారా చూడాలి, ఒక్కో తరగతినీ తనే ప్రశ్నలు అడగాలి. బాగుందనిపిస్తే ముందు తాత్కాలికంగా ఇస్తారు, నిలబెట్టుకుంటే ఖాయం చేస్తారు. అప్పుడు టీచరు జీతానికి సర్కారు నుంచి గ్రాంటు వస్తుంది. ఆ బడి ఇచ్చిన సర్టిఫికెట్టును ఏ ఊరి బడైనా చేయి చాపి తీసుకుంటుంది.

కర్నూలు నుంచి వచ్చిన మర్నాడే నాయన టీచరమ్మ మీదికి పోయాడు. కోపం సర్కారు మీద, పడింది ఆమె మీద.

"మా గుడ్డకు ఎవరి ముద్ర యాడ ఉండాదమ్మా? చేత్తో నిమిరితే తెలుస్తాది. ఒక్క పోగు తెగి కట్టింటే ముడి ఏలికి తగుల్తాది. బిడ్డకు చదువొచ్చిందని మీకు తెలుసు, నాకు తెలుసు. మళ్లా సర్కారోళ్లు వచ్చి చెప్పల్లనా?"

టీచరమ్మ నవ్వింది. "గుడ్డనైతే ఆదోని షావుకారు చేత్తో నిమిరి చూస్తాడప్పా. కర్నూలోళ్లు మన బిడ్డను యట్లా నిమిరి చూస్తారు? మనల్ని ఎరగనోళ్లు గూడా మన మాట నమ్మల్ల గదా. దానికోసరమే ఇది."

గుడ్డ భాషలో చెబితే నాయనకు ఏదైనా ఎక్కుతుంది. గుర్తింపు ఈ ఏడు వస్తే బిడ్డను కర్నూలుకు పంపుతానని, రాకపోతే ఇక ఆశలు పెట్టుకోకుండా ఇంటి పనిలో కూర్చోబెడతానని అందరి ముందూ అన్నాడు. అక్క మళ్లీ ఐదో తరగతిలో కూర్చుంది. దానికోసం నాయన నిలువు పోగులు తోడి ఒక పడుగు కూడా సిద్ధం చేశాడు, నీలం చీర, ఎర్ర అంచు. కర్నూలు పోయేటప్పుడు కట్టుకోవడానికి. చీర కట్టే వయసు ఇంకా రాలేదని అమ్మ అంటే, వస్తుందిలే అన్నాడు.

అర్జీ పెట్టాక మా వీధికి పండగొచ్చినట్టయింది. గుంతలు పూడ్చి పేడతో అలికారు. వెలుతురు కోసం వెనక గోడకు కిటికీ కొట్టారు. కొట్టినవాడు మేస్త్రీ కాదు, మా చిన్నాయన. అందుకే అది నాలుగు మూలలూ నాలుగు దిక్కులు చూసేది. దేశపటం కర్నూలు నుంచి వచ్చింది. దాంట్లో మా ఊరు లేదని పెద్దలు నొచ్చుకున్నారు. అక్క ఒక చుక్క పెడతానంటే టీచరమ్మ చేయి పట్టుకుని ఆపింది.

ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు పొద్దున టీచరమ్మ ఆయన్ను ఎదుర్కోవడానికి ఊరి బయటకు పోయింది. మేం తలకు నూనె రాసుకుని బడికి బయల్దేరాం. వీధిలో అడుగు పెట్టగానే నా కాళ్లు ఆగిపోయాయి. ఎక్కడా ఒక్క మగ్గం ఆడడం లేదు. కోడి కాళ్లతో గీరుకుంటున్న శబ్దం కూడా వినబడుతోంది. అమావాస్య కాదు. ఒక పిల్ల ఏడుపు మొహంతో, ఎవరు పోయినారక్కా అని అడిగింది.

ఎవరూ పోలేదు. రాత్రి పెద్దలంతా కూర్చుని మాట్లాడుకున్నారట. అంత పెద్దమనిషి వీధిలోకి వస్తుంటే మగ్గాలు ఆడిస్తే ఆయన్ను లెక్క చేయనట్టు అవుతుందని, ఆయన బడిలో ఉన్నంతసేపూ ఒక్క నాడె కూడా కదలకూడదని తీర్మానం చేశారు. ఒక పూట కూలి పోగొట్టుకుని ఒక మనిషికి మర్యాద చేయడం మా వీధిలో అంతకుముందు జరగలేదు. టీచరమ్మకు చెప్పలేదు. ఆమెను సంతోషపెట్టాలనుకున్నారు.

ఇన్‌స్పెక్టరు తలపాగా, కోటు వేసుకున్న నడివయసు మనిషి. చెడ్డవాడు కాదు. కిటికీ చూసి నవ్వు ఆపుకున్నాడు, హాజరు చూసి తలూపాడు. చదవడం బాగుంది, రాయడం బాగుంది. అక్కకు పెద్ద లెక్క ఇస్తే చకచకా చేసి చూపించింది. తర్వాత నాలుగో తరగతిని లేపి పదమూడో ఎక్కం అందరూ కలిసి చెప్పమన్నాడు. నేను ఆ తరగతిలోనే ఉన్నాను.

పదమూడొకట్ల పదమూడు అన్నాం. అని, దెబ్బ కోసం ఆగాం. దెబ్బ పడలేదు. కొందరు ముందుకు పోయారు, కొందరు ఎదురు చూస్తున్నారు. ఇరవై ఆరు దగ్గరే అంతా కలగాపులగమైంది. మళ్లీ మొదలుపెట్టమన్నాడు. మళ్లీ అదే. మూడో తరగతిని అడిగాడు, వాళ్లు నోరే తెరవలేదు. అక్క వెనక నుంచి కాలితో నేల తన్ని తాళం వేయబోతే, కదలకుండా నిలబడమ్మా అన్నాడు.

టీచరమ్మ గోడ వైపు చూసింది. ఆమెకు అర్థమైంది. ఎక్కాలు వీళ్లకు రావా అని ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు అక్క ఏదో చెప్పడానికి నోరు తెరిచింది కూడా. గుమ్మంలో నాయన నిలబడి ఉన్నాడు. భుజం మీద ఉతికిన తువ్వాలు, రెండు చేతులూ జోడించి, మొహమంతా నవ్వు. తన వీధి ఇంత నిశ్శబ్దంగా ఉండగలదని ఆయనకే గర్వంగా ఉంది. అక్క ఆయన్ను చూసి నోరు మూసుకుంది. టీచరమ్మ కూడా ఏమీ చెప్పలేదు.

ఒక్క బిడ్డ బాగుంటే చాలదని, గుర్తింపు బడికిచ్చేదని, కింది తరగతులకు లెక్కలు గట్టి చేసి వచ్చే ఏడు మళ్లీ అడగమని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. అది టీచరమ్మతో లోపల అన్న మాట. బయట పెద్దలకు తెలియదు. దండ వేసి, బండి దాకా సాగనంపి, పని అయిపోయిందన్న సంతోషంతో ఎవరి మగ్గంలోకి వాళ్లు దిగారు.

అప్పుడు గోడ అవతల నాయన నాడె విసిరాడు. నాలుగో తరగతి ఇంకా నిలబడే ఉంది. ఎవరూ చెప్పలేదు, మా నోళ్లు వాటంతట అవే తెరుచుకున్నాయి. పదమూడొకట్ల దగ్గర్నుంచి పదమూడు పదుల దాకా ఒక్క తప్పు లేకుండా చెప్పాం. చెప్పి, గెలిచినట్టు చూశాం. టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అవతల మగ్గం ఆగింది. కాసేపటికి నాయన గుమ్మంలోకి వచ్చాడు. అక్క మొహం చూశాడు.

"మేం ఆపినందుకేనా?" అన్నాడు.

"మీరు మర్యాదకు చేసినారప్పా," అంది టీచరమ్మ.

నాయన పరుగెత్తాడు. మా నాయన పరుగెత్తడం నేను చూసింది ఆ ఒక్కసారే. హంద్రి ఏరు దాటే చోట బండిని అందుకున్నాడట. ఇన్‌స్పెక్టరు బండి దిగి అంతా విన్నాడట. నీ మాట నేను నమ్ముతున్నా, కానీ నేను చూసిందే రాయాలి, నమ్మిన మాటలు రాయడం మొదలుపెడితే ఇక ఈ గుర్తింపును ఎవరు నమ్ముతారు అన్నాడట. నాయన ఇంటికొచ్చి ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పి మండిపడ్డాడు. ఆయన చెప్పిందే సరి అని నాకు ఉద్యోగంలో చేరాక తెలిసింది. తెలిసినా కోపం పోలేదు.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. ఊళ్లో గుడ్డ కొనేవాళ్లు లేరు. నాయనకు దగ్గు పట్టుకుని ఎంతకీ వదల్లేదు, గుంతలో కూర్చుంటే ఊపిరి ఆడేది కాదు. మా వీధిలో ఆడవాళ్లు కండెలు చుట్టేవాళ్లు, నూలు తోడేవాళ్లు, మగ్గంలోకి దిగేది అరుదు. అక్క దిగింది. ఎవరూ దాన్ని అడగలేదు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి నాయన మంచం మీద ఉన్నాడు, అక్క కాళ్లు గుంతలో ఉన్నాయి. పలక గూట్లో పెట్టేసింది. ఆ నీలం పడుగును చుట్ట చుట్టి అటక మీద పెట్టారు.

సాయంత్రాలు నాకు లెక్కలు తనే చెప్పేది, నేస్తూనే. నేను గుంత గట్టు మీద కాళ్లు వేలాడేసి కూర్చునేదాన్ని. తప్పు చెబితే తిట్టేది కాదు, నాడె పట్టుకుని ఆగేది. సరిగ్గా చెప్పాక విసిరేది. ఆ గట్టు మీద ఒక్కసారి, ఒకే ఒక్క సాయంత్రం, మళ్లీ కూర్చోగలిగితే నాకు ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది.

మరుసటేడు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిసినప్పుడు అక్క అటక మీది పడుగు దించి మగ్గానికి ఎక్కించింది. ఎందుకని అమ్మ అడిగితే, పురుగు పడుతుంది గదా అంది.

ఈసారి వీధి పెద్దలు ఒక్క మగ్గం కూడా ఆగకూడదని తీర్మానం చేశారు. మావాళ్లకు మధ్యదారి తెలియదు. వీధి వీధంతా పూనకం వచ్చినట్టు నేసింది. పాడుబడిన మగ్గాలు కూడా ఆడాయి. ఇన్‌స్పెక్టరు లోపలికి వస్తూ చెవి మీద చేయి పెట్టుకుని నవ్వాడు. నాకైతే ఆ రొదలో గోడ అవతలి మగ్గం ఒక్కటే వినబడుతోంది. మిగతావన్నీ పరుగెడుతుంటే అది ఒక్కటే నిదానంగా, సమంగా ఆడుతోంది. పిల్లలందరూ దాని మీదే నిలబడ్డారు. మూడో తరగతి చెప్పింది, నాలుగో తరగతి చెప్పింది.

తర్వాత ఐదో తరగతిలో నన్నొక్కదాన్నే లేపాడు. అదే పదమూడు. ఆర్ల డెబ్బై ఎనిమిది దాకా పోయాను. పదమూడేళ్ల, అన్నాను. అంతే, ముందుకు లేదు. అవతల నాడె కూడా పోలేదు. దెబ్బ పడలేదు. ఇన్‌స్పెక్టరు నా వైపే చూస్తున్నాడు. గోడ అవతల అక్క నాడె చేతిలో పట్టుకుని కూర్చుని ఉన్నట్టు నాకు కనబడింది. సాయంత్రాల్లో కూర్చున్నట్టే. తొంభై ఒకటి, అన్నాను. దెబ్బ పడింది. మిగతా ఎక్కం ఎట్లా అయిపోయిందో నాకు గుర్తు లేదు.

గుర్తింపు వచ్చింది. ముందు తాత్కాలికం, ఆ తర్వాత ఖాయం. టీచరమ్మకు గ్రాంటు వచ్చింది. ఐదో తరగతి పూర్తి చేసిన నాకు సర్టిఫికెట్టు వచ్చింది, అది కర్నూల్లో చెల్లింది. నన్ను పంపడానికి బండి కట్టిన రోజు నాయన అక్క దగ్గరకు పోయి, నువ్వు గూడా ఎక్కు బిడ్డా, టీచరమ్మతో మాట్లాడతా, నిన్ను పంపుతానన్న నా మాట నిలబడనీ అన్నాడు. అక్క గుంతలోంచి లేవలేదు.

"నేను పోతే ఈడ ఎవరు కూసుంటారు నాయనా? అది పోతాంది గదా, సాలు," అంది.

నాయన గోడ వైపు తిరిగి ఏడ్చాడు. అక్క మాత్రం మగ్గం మీంచి కొత్తగా కోసిన నీలం చీర మడత పెట్టి నా పెట్టె అడుగున పెట్టింది. నాకింకా చీర కట్టేంత పొడుగు లేదు. వస్తుందిలే, అంది.

వచ్చింది. ట్రైనింగులో చేరిన రోజు ఆ చీరే కట్టుకున్నాను. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా అక్క నా పుస్తకాలు తీసి, చేతులు తుడుచుకుని మరీ పేజీలు తిప్పేది. దాని పెళ్లయింది, పిల్లలు పుట్టారు, అక్కడా మగ్గమే. ఒకసారి ఇద్దరం ఒక్క చాప మీద పడుకున్నప్పుడు అడిగాను. ఆ రోజు నాకోసం నాడె ఆపినావు గదా అక్కా అన్నాను.

"యాడ ఆపినా? పోగు తెగింటే కట్టుకుంటాంటి," అని అటు తిరిగి పడుకుంది.

ఆ రోజు మగ్గం మీద ఉన్నది నా ఈ నీలం చీరే. అక్క పోయి చాలా ఏళ్లయింది. టీచరమ్మా లేదు, నాయనా లేడు. మా బడికి గుర్తింపు ఇప్పటికీ ఉంది, గోడ అవతల మాత్రం మగ్గం లేదు. నాకు అక్క కావాలి అనిపించినప్పుడు, ఈ వయసులో అది తరచుగా అనిపిస్తుంది, ఆ చీర తీసి ఒళ్లో పరుచుకుని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వేలితో నిమురుతాను. నాయన నేర్పినట్టే, మెల్లగా, ఒక్క జానెడు కూడా వదలకుండా. ఎన్నిసార్లు వెతికినా దాంట్లో ఒక్క ముడి కూడా వేలికి తగల్లేదు.